జున్నులో దూడ వాటా ఎంత?

రామంతాపూర్‌లో గది అద్దెకు తీసుకొని చదువుకునే నాబోటి వాళ్ళకు చుట్టుపక్కల విజ్ఞానానికి కొదవ లేదు. హబ్సిగూడలో సి.సి.ఎం.బి., ఉప్పల్‌లో డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, మా పేటలోనే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల. అయినా పుట్టిన మూడోనాటికి లేగదూడ తెల్లపారుడుతో ఎందుకు చస్తుందో మా ఊళ్ళో ఇంకా దిష్టి అనే చెప్పుకుంటారు. ఈ రెండింటి మధ్య దూరం బస్సు టిక్కెట్టుతో తీరేది కాదు.

మిత్రులారా, మన పాఠంలో 'పిలై' అంటే బొమ్మ గీసి రెండు మార్కులు తెచ్చుకునే ప్రశ్న. బాక్టీరియా ఒంటిమీది సన్నని రోమాలు, అంతే! కాని దూడ బతుకు ఆ రోమాల మీదే ఆధారపడి ఉంది. ఇ.కోలై చాలామటుకు సాధుజీవి, మన పేగుల్లోనూ ఉంటుంది. దూడను చంపే రకానికి రెండు ఆయుధాలు. ఒకటి పేగులో నీళ్ళూరించే విషం. రెండోది కె-99 అనే రోమం. పేగులో అన్నీ కిందికి కొట్టుకుపోతుంటాయి గదా, పట్టు దొరకని సూక్ష్మజీవీ పోతుంది. కె-99 మాత్రం పసిపేగు కణాల మీది ఒక చక్కెర అణువును పట్టి వేలాడుతుంది. దూడ ఎదిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. అందుకే ఈ గండం ముఖ్యంగా మొదటి నాలుగైదు రోజులే.

ఈ రోమపు జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉంటాయి, ఒక బాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారుతాయి. పందిపిల్లలను పట్టే కె-88కి మూడు రూపాలున్నాయి. 1971లో స్మిత్, లింగుడ్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఆ ప్లాస్మిడ్‌ను తొలగించి చూస్తే రోగం తెచ్చే శక్తే పడిపోయింది. కొన్ని పందులకు పుట్టుకతోనే కె-88 పట్టుకునే చోటు ఉండదు, వాటికి ఆ రోగం అంటదు. తాళంలో తేడా, తాళంచెవిలోనూ తేడా! మనుషుల మూత్రకోశంలో చేరే ఇ.కోలై అయితే తన రోమపు జన్యువు ముందున్న 314 అక్షరాల డి.ఎన్.ఎ. ముక్కను తిరగేసి రోమాలను మొలిపిస్తుంది, మళ్ళీ మాన్పిస్తుంది. స్విచ్చు లాగే.

ఇక మందు సంగతి. ఆవుకైనా గేదెకైనా తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ దాటి దూడకు చేరవు. ముర్రుపాలతోనే రావాలి. అవి రోమాలకు అంటుకొని వాటి పట్టు తప్పిస్తాయి. చూడిపశువుకు కె-99 టీకా వేసి, దూడను పాల ద్వారా కాపాడే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. కాని ఒక రోజు గడిస్తే దూడ పేగు ఆ పదార్థాలను రక్తంలోకి తీసుకోదు.

మరి మనం చేసేదేమిటి? మాయ పడేదాకా దూడను దగ్గరికి రానివ్వం. ముర్రుపాలు ఎక్కువైతే పారుకుంటుందని మా నాయనమ్మ నేటికీ అంటుంది. ఈలోపు పాలు జున్నుకు పోతాయి, పట్నంలో గిరాకీ కూడా ఉందాయె. దున్నదూడ అయితే అడిగే దిక్కే లేదు.

రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ నాలుగు రోజుల పాలు కేంద్రంలో పోయించుకోరు, పారబోయమంటామా? పారుడన్నీ కె-99 వల్లనేనని కూడా అనను, వైరసులున్నాయి, గేదెదూడల్లో ఏలికపాములున్నాయి. కాని పాతిక కిలోల దూడకు మొదటి రోజు కావలసింది రెండున్నర లీటర్లు. అందులో సగం పుట్టిన రెండు గంటల్లో పట్టాలి, మాయ పడినా పడకపోయినా. ఈ ముక్క చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పల్లెల నుంచి వచ్చిన మనం ఈ సెలవులకు వెళ్ళినప్పుడు తెలుగులో ఒక్క కాగితం రాసి పాలకేంద్రం గోడకు అంటించగలం. లెక్చరర్లు తప్పులు దిద్దిపెడితే చాలు. దూడ తాగగా మిగిలినదానితో జున్ను వండుకుందాం, నాకూ ఇష్టమే.