మంచం పట్టకముందే మాట్లాడుకుందాం

మన యిళ్ళల్లో పెళ్ళి తలపెడితే ఆరునెలల ముందునుంచే పెద్దలందరూ కూర్చుని లెక్కలు వేస్తారు. వంటవారికి యెంత, సత్రానికి యెంత, యెవరెవరికి బట్టలు పెట్టాలి, అన్నీ చిట్టాకు యెక్కుతాయి. రెండురోజుల వేడుకకు యింత ఆలోచన. కాని యింట్లో పెద్దవారు మంచం పడితే రెండేళ్ళో, అయిదేళ్ళో, పదేళ్ళో సాగే సేవను గురించి మాత్రం యెవరూ నోరు మెదపరు. యెవరైనా మెదిపితే, "నిక్షేపంలా తిరుగుతూవుంటే యివేం మాటలు?" అని కసురుకుంటారు. మాట యెత్తనంతమాత్రాన ముసలితనం రాకుండా పోతుందా? యీ నెల మన కుటుంబాల ముందు యీ సంగతే పెట్టదలచాము.

యీ మౌనానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. పిల్లలకు భారమైపోతామన్న మాట పైకి అనడానికి పెద్దలకు మనసొప్పదు. ఆస్తికోసం అడుగుతున్నారనుకుంటారేమోనని పిల్లలు జంకుతారు. యిద్దరూ మర్యాదకోసం ఆగుతారు. తీరా అవసరం వచ్చేసరికి నిర్ణయం ఆసుపత్రి బల్లమీద, అర్ధరాత్రివేళ, ఆ సమయానికి దగ్గరున్నవారి నెత్తిన పడుతుంది.

మా ఆఫీసులో ఒక మిత్రుని తండ్రిగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను బాగానే జరిగింది గాని, ఆ తరువాత జ్ఞాపకం తప్పుతూ వచ్చింది. ఆయన దాచుకున్న డబ్బంతా ఒక బ్యాంకులో ఆయన ఒక్కరి పేరునే వుంది. సంతకం పెట్టే స్థితిలో లేరు. కొడుకు నామినీయే, కాని నామినీకి హక్కు ఆయన పోయిన తరువాతనే గదా! తండ్రి డబ్బు బ్యాంకులో వుండగానే తండ్రి వైద్యానికి కొడుకు అప్పు చేశాడు. ఖాతాలో కొడుకు పేరో, భార్య పేరో చేర్చి "యిద్దరిలో యెవరైనా" తీసుకొనేటట్టు ముందే రాయించివుంటే ఆ అప్పు తప్పేది.

పవర్ ఆఫ్ అటార్నీ వుంది గదా అని కొందరు ధైర్యంగా వుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, యిచ్చినవారి మతి స్థిమితం తప్పితే ఆ అధికారం అంతటితో ఆగిపోతుంది. అంటే సరిగ్గా అక్కరకు వచ్చేవేళకే ఆ కాగితం చెల్లదు. తరువాత కోర్టుకు వెళ్ళి సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవలసిందే. కాబట్టి మాట్లాడుకోవడమూ, రాసుకోవడమూ తెలివి నిలకడగా వున్నప్పుడే జరగాలి.

యిల్లు పిల్లలపేర రాసియిచ్చే పెద్దలు మరొక్క సంగతి గమనించాలి. తలిదండ్రుల పోషణకూ, వృద్ధుల సంక్షేమానికీ 2007లో కేంద్రప్రభుత్వం చట్టం చేసింది. మమ్మల్ని చూసుకోవాలనే షరతుతో యిచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే, ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొని ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చును. అయితే షరతు నోటిమాటగా వుంటే చిక్కు. దస్తావేజులోనే స్పష్టంగా రాయించడం మేలు. యిందులో కొడుకును అనుమానించడమేమీ లేదు. రేపు అతని పరిస్థితి యెలా మారుతుందో అతనికీ తెలియదు.

అదే చట్టం కొడుకునూ కూతురినీ సమంగా బాధ్యుల్ని చేసింది. కోడలి పేరు అందులో లేదు. కాని మన యిళ్ళల్లో పక్కబట్టలు మార్చేదీ, గంజి తాగించేదీ, రాత్రి మూడుసార్లు లేచేదీ యెవరో అందరికీ తెలుసు. ఆమెను అడగకుండా "మా కోడలు చూసుకుంటుంది" అని నలుగురిలో అనేస్తాం. మాట్లాడుకునేరోజున ఆమెనూ కూర్చోబెట్టాలి. ఆమె వుద్యోగం మానుకోవాలా, మానితే ఆ జీతంలోటు యెవరు పూడ్చాలి, నెలలో ఒక వారం ఆమెకు విశ్రాంతి యెలాగ అన్నది అక్కడే తేలాలి. దూరాన వున్న కొడుకూ కూతురూ డబ్బు పంపవచ్చు. సంవత్సరానికి కొన్ని వారాలు వచ్చి కూర్చోనూవచ్చు.

డబ్బు సంగతి. 2024 అక్టోబరు నుంచి డెబ్బై యేళ్ళు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబానికి యేడాదికి 5 లక్షలదాకా వైద్యం దొరుకుతున్నది. కార్డు తీసుకోనివారు తీసుకోవాలి. కాని అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. యింట్లో పెట్టుకునే ఆయా జీతం అందులో రాదు. ఆ జీతమూ, మందులూ, దుప్పట్లూ నెలనెలా యెవరు భరించాలో ముందే పంచుకోవాలి.

మనబోటి తలతరాల ప్రవాసాంధ్రులకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. బెంగుళూరులో బజారుకు కన్నడం, ఆఫీసుకు ఇంగ్లీషు, యింట్లో తెలుగు అని మనం సర్దుకున్నాం. జ్ఞాపకం సడలినవారిలో చాలామందికి తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, వుగ్గుపాలనాటి భాషే మిగులుతుంది. అవ్వగారు "వొంటికి పోవాలి" అంటే కన్నడమో హిందీయో మాత్రమే వచ్చిన ఆయాకు యేం తెలుస్తుంది? దాహం, నొప్పి, చలి, భయం, దొడ్డికి వంటి ఒక యిరవై మాటలు ఆమెకు వచ్చిన లిపిలో రాసి గోడకు అంటించండి. అవ్వగారికి సంగటిలోకి యే పులుసు యిష్టమో, నిద్రకు ముందు యే పాట వినే అలవాటో కూడా వారినే అడిగి రాసుకోవాలి. రేపు వారు చెప్పలేకపోవచ్చు.

మాట యెలా మొదలుపెట్టాలని అడుగుతారు. "నాన్నగారూ, మీకేమైనా అయితే" అని మొదలుపెట్టకండి. "తాతగారు మంచాన వున్నప్పుడు మీరూ, అత్తయ్యా యెలా చూశారు? అప్పుడు యేది కష్టమనిపించింది?" అని అడగండి. వారు తాతగారి కథ చెబుతూ చెబుతూ తమ మనసూ చెప్పేస్తారు. అందరూ కలిసే వుగాదికి వచ్చినప్పుడు, పండగరోజు వదిలి మరునాడు కూర్చోండి. ఆస్తిమాటను మరోరోజుకు వుంచండి. రెండూ కలిస్తే రెండూ చెడతాయి.

చివరి ప్రశ్న కష్టమైనది. బాగుపడే ఆశలేని స్థితిలో యంత్రాలమీద యెంతకాలం వుంచాలి? 2018లో సుప్రీంకోర్టు యీ విషయంలో ముందుగానే తమ కోరిక రాసివుంచే హక్కును వొప్పుకున్నది. 2023లో పద్ధతిని సులువు చేసింది. యిద్దరు సాక్షుల యెదుట సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ ఆఫీసరు చేతగాని ధ్రువపరిపించుకుంటే చాలును. రాయాలా వద్దా అన్నది వారి యిష్టం. రాసినవారి పిల్లలకు మాత్రం "అమ్మకు మేమే అన్యాయం చేశామా" అన్న బాధ చాలావరకు తప్పుతుంది.

ఒక నూరు పేజీల నోటుబుక్కు కొనండి. యెవరు చూస్తారు, యెక్కడ వుంటారు, డబ్బు యెక్కడిది, కాగితాలు యే బీరువాలో వున్నాయి, వారి కోరిక యేమిటి అని అయిదు శీర్షికలు పెట్టండి. యేడాదికొకసారి తిరిగి చదివి, మారినవి దిద్దండి. యీ సంచికను ముందు యింట్లో పెద్దవారి చేతికే యివ్వవలసిందిగా మా మనవి. మొదటిమాట వారి నోట వస్తే పిల్లల జంకు సగం తీరిపోతుంది.