కనబడని కసవు

వ్రాతలో ఖాళీకి కూడ ఒక విలువ కలదని నమ్మువారిలో నేనొకడను. తాళపత్రములపై మన లేఖకులు పదమునకు పదమునకు ఎడము విడువక వ్రాసిరి. అచ్చు వచ్చిన తరువాత ఆ ఎడము సీసపు ముక్కయై కూర్చున్నది. కంపోజిటరు దానిని చేతితో పెట్టవలెను. ముక్క వదులై పైకి లేచినచో కాగితముపై నల్లని మచ్చ పడెడిది. ఆనాడు ఖాళీ తప్పు చేసినచో కంటికి కనబడెడిది. కంప్యూటరులో ఆ భాగ్యము లేదు. పంక్తి చివర అనవసరముగ పడిన నాలుగు ఖాళీలు ఎవరికిని కనబడవు. యంత్రము మాత్రము వానిని అక్షరములుగనే లెక్కించును.

ఈ కసవును ఊడ్చుటకై ఎడిటర్లలో ప్లగిన్లు వెలసినవి. ఫైలును సేవ్ చేసిన క్షణముననే పంక్తుల చివరి ఖాళీలన్నిటిని తుడిచివేయును. మంచిదే. ప్రోగ్రాములు వ్రాయువారికి ఇది చిన్న మేలు కాదు. కాని అడుగకయే ఊడ్చు పనివాడు వాకిటిలో ఏది కసవో, ఏది ముగ్గో ఎరుగునా?

ఇటీవల నాకు అనుభవమైన సంగతి చెప్పెదను. మార్క్‌డౌన్ అను వ్రాతపద్ధతి ఒకటి కలదు. 2004లో జాన్ గ్రూబర్ దానిని వెలువరించెను. అందు పంక్తి చివర రెండు ఖాళీలు ఉంచినచో ‘ఇచ్చట పంక్తి విరుగవలెను’ అని అర్థము. మా తండ్రిగారి పద్యములను నేను ఆ పద్ధతిలోనే ఎక్కించుకొంటిని. ఒక అక్షరదోషము దిద్దుటకై ఫైలును తెరచి సేవ్ చేసితిని. అంతే! వెలుపలకు వచ్చిన ప్రతిలో ఉత్పలమాలలు, సీసములు, ఒక్కొక్క పద్యము ఒక్కొక్క పేరాయై వచనమువలె సాగిపోయినది. యతిప్రాసలు ఉన్నచోటనే ఉన్నవి. పాదము మాత్రము లేదు. ప్లగిన్ తన ధర్మము తాను నిర్వర్తించినది. దానిని తిట్టి ప్రయోజనమేమి?

మన లిపికి సంబంధించిన చిక్కు మరియొకటి. ‘ఆన్‌లైన్’ అను మాటలో మొదటి ‘న్’ తరువాత వెడల్పు లేని గుర్తొకటి దాగియుండును. దానిని తీసివేసినచో లకారము నకారము క్రింద వత్తుగ చేరి ‘ఆన్లైన్’ అగును. కనబడని గుర్తులన్నిటిని ఏరివేయు పరికరములు కొన్ని దీనిని కూడ కసవుక్రింద జమకట్టును. ఆంగ్లమునకు ఈ బాధ లేదు. కావున ఆంగ్లము మాత్రమే ఎరిగినవారికి ఇది తోచకపోవుట వింత కాదు. చెప్పవలసినవారము మనము.

పలువురు కలిసి పెంచు ఫైలులో నష్టము వేరు. ఒక్క మాట దిద్దినవాడు, ప్లగిన్ పుణ్యమా అని, వందల పంక్తులు మార్చినవాడుగ గిట్ చరిత్రలో నమోదగును. ఏ పంక్తి ఎవరిదని మామూలుగ వెదకినచో వ్రాసినవాని పేరు మరుగునపడి, ఊడ్చినవాని పేరు ముందుకు వచ్చును.

ఈమాక్స్ ఎడిటరునకు ‘డబ్ల్యుయస్ బట్లర్’ అను ప్లగిన్ కలదు. మనము చేయిపెట్టిన పంక్తులనే అది శుభ్రము చేయును. తక్కినవాని జోలికి పోదు. అన్ని ప్లగిన్లును మొదటనే ఇట్లుండవలెనని నా మతము. అదియే ఉండియున్నచో నా పద్యములలో ఒక్క పాదమే చెడెడిది. ఎడిటర్‌కాన్ఫిగ్ అను చిన్న ఫైలులో ‘ఈ రకపు ఫైళ్లను ముట్టవలదు’ అని వ్రాసియుంచుటకును వీలు కలదు. నాన్నగారి పద్యములకు ఇప్పుడు అదియే కాపలా. ప్రతి పాదము చివరను రెండేసి ఖాళీలు మరల చేర్చుచున్నాను. ఇంకను నలువది పద్యములు మిగిలియున్నవి.