మీరేమిట్లు?

అద్దె ఎంత అని మేం అడుగుతాం. మీరేమిట్లు అని వాళ్లడుగుతారు. గుంటూరులో ఇల్లు వెతుక్కోవడం ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. మా విషయంలో ఇక్కడే అయిపోతుంది కూడా. మేం పేరు చెప్పగానే ఆ వాటాకి ఎవరో నిన్ననే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. లేదంటే పెద్దబ్బాయి హైదరాబాదు నుంచి కాపురం మార్చేస్తుంటాడు. వారం తర్వాత అదే వీధిన పోతే టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతుంటుంది. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, శ్యామలానగర్. మేం ఎక్కి దిగిన మెట్లకు లెక్కలేదు. చివరికి ఆనందపేటకో పొన్నూరు రోడ్డుకో వచ్చి పడతాం. అప్పుడు మీరే అంటారు, "సాయిబులంతా ఒకచోటే గుంపుగా ఉంటారండీ, ఎవరితోనూ కలవరు" అని.

కలవనిదెవరు? కాలే మస్తాన్ దర్గాకి మొక్కుకుని బిడ్డకు మస్తాన్‌రావు అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో. ఆ మస్తాన్‌రావు ఓనరైతే మస్తాన్ వలీకి గేటు తీయడు. మా దూదేకులవాళ్లు తరతరాలుగా ఈ పత్తినేల మీద వీధివీధీ తిరిగి, మీ వసారాల్లో కూర్చుని మీ పరుపులకు దూది ఏకారు. పరుపు మీ పడగ్గదిలోకి పోయింది. ఏకినవాడు మీ పైవాటాలోకి రాకూడదు! మిర్చియార్డులో టిక్కీలు మోసేటప్పుడు ఎవరూ మమ్మల్ని మీరేమిట్లని అడగరు.

"మీరు నీసు తింటారు కదండీ" అంటారు. ఆ అనే గుమ్మంలోంచే ఆదివారం నాటుకోడి పులుసు వాసన వస్తుంటుంది. నిజంగా నీసు ముట్టని ఇల్లయితే ఆ ఇంటి పద్ధతి మాకు అర్థమవుతుంది. చాలాచోట్ల మాత్రం శాకాహారం అన్నది మాకు తలుపు వేయడానికి దొరికిన మర్యాదైన మాట. అభ్యుదయ మిత్రుల ఇళ్లలో ఇంకా మెత్తగా చెబుతారు. "నాకేం పట్టింపుల్లేవు భాయ్, కింద వాటావాళ్లే..." 1992 డిసెంబరు 6 తర్వాత మాతో ఊరేగింపుల్లో నడిచినవాళ్లున్నారు, ఆ మేలు మరిచిపోలేదు. కానీ ఆ నడక సొంతింటి గేటు దాకా ఎందుకు రాలేదో వాళ్లే చెప్పాలి. ఇదంతా మా అనుమానం అనేవాళ్లు 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూడొచ్చు. తమకు నచ్చిన చోట ఇల్లు కొనడమూ అద్దెకు తీసుకోవడమూ ముస్లింలకు కష్టంగా ఉందని అందులో రాశారు.

ఇక "మా ఇల్లు మా ఇష్టం" అనే మాట. చట్టం ఈ మాటను ఎప్పుడు ఒప్పుకుంది గనక? మన రాష్ట్రంలో 1960లో అద్దె కంట్రోలు చట్టం వచ్చింది. ఇల్లు ఖాళీ అయితే ఓనరు ప్రభుత్వ అధికారికి తెలియజేయాలంది. అది ప్రభుత్వ ఉద్యోగికి కావాలంటే ఇవ్వాలంది. న్యాయమైన అద్దె ఎంతో కంట్రోలరు తేలుస్తాడంది. అద్దె ఎగ్గొట్టడం, ఇల్లు పాడుచేయడం, ఓనరుకే సొంతానికి కావలసిరావడం, ఇలాంటి కారణాలు చూపకుండా ఖాళీ చేయించకూడదంది. అప్పుడు సొంత ఆస్తి మీద ఓనరు ఇష్టం ఏమైంది? 2005లో చట్టం సవరించి, మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను దాన్నుంచి తప్పించారు. అలా బయటపడ్డ నెలవారీ అద్దెల్లో అప్పట్లో కారణం అక్కర్లేకపోయింది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసు సరిపోయేది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నారు. నీళ్లూ కరెంటూ ఆపకూడదన్నారు. సున్నం ఎవరు వేయించాలో, కుళాయి వాషరు ఎవరు మార్చాలో కూడా రాశారు. మతం చూసి ఇల్లు లేదనకూడదని మాత్రం రాయలేదు. వాషరుకు దొరికిన చోటు మాకు దొరకలేదు.

ఈ చట్టాలన్నీ తాళంచెవి చేతికొచ్చాక మొదలవుతాయి. మా సంగతి గేటు దగ్గరే తేలిపోతుంది. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, రోడ్లు, దుకాణాలు, హోటళ్ల పేర్లు చెప్పింది, అద్దె ఇల్లు పేరు చెప్పలేదు. పార్సీలకే సభ్యత్వం అన్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టే అంది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ పేటలోనైనా కాపురం ఉండనివ్వకపోవడం నేరమని 1955 నాటి చట్టంలో ఉంది. దాని అమలు ఎంత చక్కగా ఉందో దళిత సోదరులకు తెలుసు. వాళ్లకు రాతలోనైనా ఉంది. మాకు రాతలోనూ లేదు.

మా ఓనర్లూ తక్కువ తిన్లేదు. ఇంకెక్కడికి పోతారులే అని మా పేటల్లో అద్దె పెంచేది మా హాజీసాబులే. దూదేకులవాడు వస్తే "ఉర్దూ వచ్చా?" అని ఆరా తీసే సయ్యదులున్నారు. దళితుడు అడిగితే వాటా లేదనే సాయిబులున్నారు. మేం అడిగే చట్టం వీళ్ల మెడకూ పడాలి, ముందు వీళ్ల మెడకే పడినా మాకు బాధలేదు.

అడిగేది పెద్దదేం కాదు. మతం, కులం కారణంగా అద్దెకివ్వనంటే శిక్షించే ఒక్క సెక్షను. బోర్డు మీదా పేపరు ప్రకటనలోనూ అలాంటి షరతు రాయకూడదన్న ఒక్క వాక్యం. అమెరికా ఈ పని 1968లో చేసింది, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి. ఓనరు తానే కాపురముండే నాలుగు వాటాల లోపు ఇంటికి అక్కడ మినహాయింపు ఉంది. అయినా ఫలానా మతంవాళ్లకు ఇవ్వమని ప్రకటించే హక్కు ఆ ఓనరుకీ లేదు. ఆ మినహాయింపు ఇక్కడా పెట్టుకోండి, మాకు పేచీ లేదు. మీ వంటింటి పక్క వంటిల్లు మేం అడగడం లేదు. మీరు కాపురమే ఉండని ఫ్లాట్ల గురించి అడుగుతున్నాం.

గుంటూరు నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడ ఆ చట్టం నీడలోనే అద్దెకుంటున్నారు. మీరేమిట్లు అని అక్కడి ఓనరు అడిగితే కోర్టుకెళ్లగలరు. వాళ్లలో ఒకబ్బాయి ఫ్లాటు పట్టాభిపురంలో మూడు నెలలుగా ఖాళీగా ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. మేం వెళ్లాం. పేరు అడిగాడు, చెప్పాం. "నాకు ముందే చెప్పి పెట్టారు సాయిబుగారూ, ఏమనుకోవద్దు" అన్నాడు.