సమ్మెట క్రింద రేడియో పెట్టెలు: విద్యార్థుల పక్షమున బహిరంగ విజ్ఞప్తి



మా జిల్లాలోని ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాలయందు, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల వెనుకగదిలో చిరకాలముగా దుమ్ముపట్టి పడియుండిన పాత వాల్వు రేడియోలను, జారుడు తలుపుల టెలివిజన్ పెట్టెలను గతమాసమున ఆవరణలోనికి మోయించి, తూకపు వర్తకుడు ప్రక్కన నిలిచి చూచుచుండగా, సమ్మెటతో పగులగొట్టించిరి. రేకు ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, చెక్కపేళ్లు ఒక కుప్ప అయినవి. వానిలో ఒకటి మర్ఫీ రేడియో. టేకుపొర అతికిన దాని పైపలకమీద వార్నిషు ఇంకను మెరయుచునే యుండెను. ఢిల్లీ, కలకత్తా, మద్రాసు అని వరుసగా నగరనామములు ముద్రించిన అద్దపుపలక ఒక్క బీటయినను లేక నిలిచి యుండెను. ఆ పెట్టెను తనకిండని, అందులో కంప్యూటరు నమర్చి తుది సంవత్సరపు ప్రాజెక్టుగా చూపింతునని, ఒక డిప్లొమా విద్యార్థి అంతకు పూర్వమే వ్రాతమూలకముగా కోరియుండెను. ఆ బాలుని కన్నులయెదుటనే మొదటి దెబ్బ ఆ అద్దపుపలకపై పడినది. విడిభాగములలో పనికివచ్చునవి యేవో చూచి చెప్పుటకై, రేడియో మరమ్మతు వృత్తిలో జీవితము గడపిన నన్ను వారే పిలిపించిరి. పెట్టెలే పనికివచ్చునవి, వానిని ముట్టవలదు అని నేను చెప్పిన మాటను వినినవారు లేకపోయిరి.

పాత పెట్టెలో కంప్యూటరు నమర్చు పని యెట్టిదో ఎరిగినవారికి విస్తరించి చెప్పనక్కరలేదు. ఎరుగనివారికొఱకు మాత్రము కొంత చెప్పెదను. మదర్‌బోర్డులలో మినీ ఐటీఎక్స్ అను పరిమాణమొకటి కలదు. వయా సంస్థ దానిని 2001లో ప్రవేశపెట్టినది. అది 17 సెంటీమీటర్ల చదరము, అనగా జానెడు కంటె తక్కువ. దానిని బిగించుటకు నాలుగు మరరంధ్రములు చాలును. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఏ దుకాణమున అడిగినను చేతికిత్తురు. నడితరగతి బల్లరేడియోలోనుండి పాత చాసిస్‌ను వెలికి దీసినచో, ఆ గర్భమునందు ఈ బోర్డునకే గాక, చిన్న ఎస్‌ఎమ్‌పిఎస్‌కును, డిస్కునకును, ఫ్యానునకును చోటు చిక్కును. అద్దపుపలక వెనుక పూర్వము 6.3 వోల్టుల చిన్నదీపము వెలుగుచుండెడిది. ఆ స్థానమున 5 వోల్టుల ఎల్‌ఇడి పట్టీ నతికించిన, ఆ నగరనామములు మరల వెలుగును. మీటలు సయితము వ్యర్థము కావు. అయితే పాత తిరుగుడు స్విచ్చిని అట్లే కలుపరాదు. మదర్‌బోర్డు కోరునది క్షణకాలపు స్పర్శ మాత్రమే. స్విచ్చి మూసికొనియే యుండినచో కొన్ని సెకండ్లలో యంత్రము తనంతట తానే ఆరిపోవును. కావున ఆ మీట వెనుక నొక్కి విడుచు స్విచ్చిని అమర్పవలయును. ఇట్టి చిన్న విషయమును ఏ పాఠ్యపుస్తకము చెప్పదు; పెట్టె ముందర కూర్చుండి రెండు తీగలు పట్టుకొనిన విద్యార్థికి అది ఒక్క సాయంత్రములో తెలియును, జీవితాంతము మరపురాదు.

చెక్కపెట్టెలో వేడి నిలిచి నిప్పంటుకొనదా యని ప్రశ్నించువారు ఆ పెట్టె దేనికొఱకు పుట్టినదో మరచినవారు. ఐదు వాల్వుల రేడియో రమారమి 50 వాట్ల విద్యుత్తును గ్రహించి, అందులో అధికభాగమును వేడిగా వెలువరించునది. అందుచేతనే తయారుచేసినవారు వెనుకనుండు అట్టపలకకు వరుసలు వరుసలుగా రంధ్రములు తొలిపించిరి, పెట్టె అడుగున గాలికి దారి విడిచిరి. నేటి చిన్న కంప్యూటరు ప్రాసెసర్లు 35 వాట్లు, 65 వాట్లు అను తరగతులవి. పైగా వానికి ఫ్యాను తోడు. గంటలకొలది కచేరీ విని, ఆ వేడిని దశాబ్దములు భరించిన టేకుపెట్టె, ఫ్యాను గాలిలో ఈ వేడికి ఓర్వజాలదా?

ఆకాశవాణి 1938లో మద్రాసునుండియు, 1948 డిసెంబరు 1 నుండి విజయవాడనుండియు మన ఇండ్లకు మాటాడసాగిన పిదప, రేడియోకు తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము చెల్లించి, గోడకు బల్ల కొట్టించి, దానిపై అల్లిక గుడ్డ పరచి, ఇంటి కొక మాన్యస్థానముగా దాని నిలుపుకొంటిమి. వార్తలవేళ ఇరుగుపొరుగు వారెల్లరు ఆ పెట్టె చుట్టునే కూడుచుండిరి. తరువాత టెలివిజన్ వచ్చినది. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టెలివిజన్లను చేసినది; ఆ సంస్థయే టిడిసి పేరిట కంప్యూటర్లను గూడ చేసినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున పుట్టిన ఆ తెలుగు శాస్త్రజ్ఞుడు టెలివిజనును, కంప్యూటరును ఒకే ప్రాంగణమున చేయించియుండగా, టెలివిజన్ పెట్టెలో కంప్యూటరు నుంచుట అపచారమని నేడు మన అధ్యాపకులే పలుకుట ఎంతటి విపర్యాసము! అమెరికాలో 1976లో వెలువడిన మొట్టమొదటి యాపిల్ కంప్యూటరుకు అసలు పెట్టెయే లేదు. అమ్మినది ఒట్టి బోర్డు. కొన్నవారిలో కొందరు తమ చేతులతో చెక్కపెట్టెలు చేసికొని అందులో దానిని బిగించుకొనిరి, ఇంటి టెలివిజనునే దానికి తెరగా వాడుకొనిరి. ఆ చెక్కపెట్టెలు నేడు ప్రదర్శనశాలలలో భద్రముగా నున్నవి. మన చెక్కపెట్టెలు మాత్రము పొయ్యిలోనికి పోయినవి.

ఇక అసలు విషయమునకు వత్తును. ఆ విద్యార్థి అర్జీకి మొదట వచ్చిన ప్రత్యుత్తరము, ‘ఆ వస్తువు స్టాకు రిజిస్టరులో నున్నది, ప్రభుత్వాస్తి, నీకిచ్చుటకు వీలులేదు’ అని. మంచిది, ప్రభుత్వాస్తిని కాపాడవలసినదే. పిదప కమిటీ కూడినది, వస్తువులను కండెమ్ చేసినది, రిజిస్టరునుండి కొట్టివేసినది. అప్పుడైన నిత్తురని అతడు మరల పోగా, ‘కండెమ్ చేసిన వస్తువును వ్యక్తుల కిచ్చినచో ఆడిట్ ఆక్షేపణ వచ్చును’ అని చెప్పి పంపివేసిరి. రిజిస్టరులో నున్నంతకాలము అది ప్రభుత్వపు సొత్తు, ఈయరాదు. రిజిస్టరు దాటిన మరునాడు అది చెత్త, ఈయరాదు! ఈ రెంటికి నడుమ విద్యార్థికి హక్కు కలుగు ఒక్క దినమైన లేకుండునట్లు అల్లిన ఈ వలను ఎవరు అల్లిరి? ఏ శాసనసభ అల్లినది? నేను అడిగినవారిలో ఒక్కరును జీవో సంఖ్య చెప్పజాలకపోయిరి. ‘ఎప్పటినుండియో ఇట్లే జరుగుచున్నది’ అను మాట తప్ప వారికడ మరియొక ఆధారము లేదు. అలవాటునే చట్టమని చెప్పి ఒక బాలుని రెండుసార్లు గడపనుండి త్రిప్పి పంపిరి.

మరి సమ్మెట ఎందులకు? తూకమునకు వేయువానికి పెట్టె నిండుగా నుండిన నేమి, ముక్కలైన నేమి? పగులగొట్టనిచో వర్తకుడు దానిని బయట లాభమునకు అమ్ముకొనును, దానిపై ప్రశ్నలు వచ్చును, కాబట్టి ముక్కలు చేసితిమని ఒక ఉద్యోగి నాతో నిస్సంకోచముగా ననిరి. అనగా ఆ వస్తువునకు విలువ గలదని వారికి తెలియును. తెలిసియు, ఆ విలువ ఎవ్వరికిని దక్కకుండుటకే దానిని నాశనము చేసిరి. దీనిని అజ్ఞానమని క్షమించుటకు నాకు మనసొప్పదు. యంత్రవిద్య నేర్పుటకై ప్రజాధనముతో నడుచుచున్న విద్యాలయమున, యంత్రపు ఒడలిని సమ్మెటతో నుగ్గుచేయుట ద్రోహము. వడ్రంగి ఎవడో చీరణముతో కోణముకోణమునకు చెక్కి, జిగురుపెట్టి బిగించి, పాలిషు పట్టిన పని అది. అట్టి పెట్టెను నేడు క్రొత్తగా చేయించుకొనుటకు ఏ విద్యార్థి తండ్రికి తాహతు గలదు?

చట్టమును చూపి మమ్ము బెదరింపజూచువారికి చట్టముతోనే జవాబు చెప్పెదను. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణకై 2022లో చేసిన నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. వ్యర్థములు నమోదైన శుద్ధికర్తలకే చేరవలెననుట వాని సారము. ఆ దినమున ఆవరణలోనికి వచ్చిన తూకపు వర్తకుడు అట్టి నమోదు గలవాడా యని అడిగినవారు ఒక్కరు లేరు. టెలివిజన్ గొట్టపు గాజులో సీసము కలదు. దానిని నేలపై పగులగొట్టి, ఆ ముక్కలను పిల్లలు నడచు త్రోవలో ఊడ్చివేసిరి. ఇది చట్టపాలనమట! ప్రపంచమున 2022వ సంవత్సరములో పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులనియు, అందులో సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే యనియు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించినవి. బేకలైటు పెట్టెల సంగతి మరింత శోచనీయము. ఆ పదార్థము ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల కరుగదు. క్రొత్త అచ్చులో పోయుటకు వీలుగాదు. పగిలిన బేకలైటు పగిలినదే. దానిని మరల వాడుటకు గల సులువైన మార్గము, దానిని పగులగొట్టక యుంచుట.

క్రొత్త క్యాబినెట్టు బజారులో చౌకగా దొరకును గదా యని కొందరందురు. దొరకును, నల్లని రేకు పెట్టె కొని నాలుగు మరలు బిగించుటకు డిప్లొమా చదువు అక్కరలేదు. పురాతన వస్తువులను చెరుపుచున్నారని మరికొందరు నొచ్చుకొందురు. పలుకుచున్న రేడియోను, పలికింప వీలుగల రేడియోను ముట్టవలదని నేనే మొదట చెప్పుదును. మా మాట చచ్చిన యంత్రముల గూర్చియే. అందము చాలదందురా, దానికి నాయొద్ద జవాబు లేదు, అవసరమును లేదు.

అపాయములనుగూర్చి మాత్రము ఒక్క మాటను సయితము తేలికగా తీసికొనరాదు. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ రేడియోలలో చాసిస్సే కరెంటు తీగకు కలిసియుండును. దానిని ప్లగ్గు పీకకుండ ముట్టినవాడు బ్రతుకుట అదృష్టము. రంగుల టెలివిజన్ గొట్టమునకు 20 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు అందును. ఆపివేసిన తరువాతను కొంతకాలము అందు నిలిచియుండును. ఇతర గృహోపకరణముల పెట్టెలను వాడదలచినను ఇట్టి అపాయములే కలవు. మైక్రోవేవ్ ఓవెనులోని కెపాసిటరు 2 వేల వోల్టుల దరిదాపున ప్రాణాంతకమైన ఆవేశమును దాచుకొనును. పాత ఫ్రిజ్జును విప్పినచో దాని వాయువును గాలిలోనికి వదలరాదు. క్రొత్తరకపు కొన్ని ఫ్రిజ్జులలోని వాయువు మండును గూడ. కావున పెట్టెను ఖాళీచేయు పని విద్యార్థిది కాదు, అనుభవశాలియైన మెకానిక్కుది. కొన్ని పాత బేకలైటు పెట్టెలలో రాతినార కలదు గనుక, పదార్థమేదో తేలనిదే వానిని రంపముతో కోయరాదు, ఆకురాయితో రాయరాదు. ఖాళీయైన పెట్టెలో మదర్‌బోర్డు క్రింద ఒక రేకు పరచి, ఆ రేకును మూడుపిన్నుల ప్లగ్గుయొక్క ఎర్తు తీగకు కలుపవలెను. చెక్క విద్యుత్తును ఆపునని నమ్మి ఎర్తు విడిచిన పనిని ఏ అధ్యాపకుడును ఆమోదింపరాదు.

మేము కోరునది స్వల్పము. ఏ ప్రభుత్వ విద్యాలయమునందైనను ఉపకరణములను వేలమునకు పెట్టుటకు పూర్వము, ఖాళీ పెట్టెలను వేరుచేసి, రసీదుపై విద్యార్థుల కీయవలెను. గాజుగొట్టములు, సర్క్యూటు పలకలు మాత్రము నమోదుగల శుద్ధికర్తకు చేర్పవలెను. సాంకేతిక విద్యాశాఖలు రెండు తెలుగు రాష్ట్రములందును దీనిని ఒక సర్క్యులరుగా వెలువరించినచో ఆడిట్ భయము ఒక్క పుటతో తీరును. సొంతముగా నిర్మించిన క్యాబినెట్టును తుది సంవత్సరపు ప్రాజెక్టుగా అంగీకరించి మార్కులు వేయవలెను. గాలి నడక, ఎర్తింగు, తీగల పొందిక, ఇవన్నియు పరీక్షింపదగిన విద్యలే. గృహస్థులు తమ అటకలమీది చచ్చిన రేడియోను పాతసామానులవానికి వేయకముందు, సమీపమున నున్న పాలిటెక్నిక్ విద్యార్థి నొకని పిలిచి అడుగవలెను.

ఆ కళాశాలలోనే ఇంకొక గది మిగిలియున్నది. దానిలోని వస్తువులకును కమిటీ కూడనున్నదని వినుచున్నాము. తల్లిదండ్రులారా, పూర్వ విద్యార్థులారా, వేలము ప్రకటన నోటీసుబోర్డుకు ఎక్కిన నాడే ప్రిన్సిపాలు గారికి అర్జీ నిండు. అర్జీ అందినట్లు ముద్ర వేయించుకొనుడు. ముద్ర వేయనిచో స్పీడుపోస్టులో పంపుడు. పెట్టెలను ఖాళీచేయు పనికి ఈ పట్టణపు రేడియో మెకానిక్కులము కూలి పుచ్చుకొనము. పిలిచిన దినమున మీటరు, స్క్రూడ్రైవరు తీసికొని మేమే వత్తుము.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్కు