విగ్రహం 125 అడుగులు – మన చేతికొచ్చిన భూమి ఎన్ని గుంటలు?

మాటలు కోటలు దాటుతయి, కాలు గడప దాటదు అంటరు మన పెద్దలు. 2014 నుంచి 2023 దాకా తెలంగాణలో దళితుల పేరు మీద నడిచిన పరిపాలనకు ఇంతకంటే పొట్టి చరిత్ర ఎవరూ రాయలేరు. కల్వకుంట్ల చంద్రశేఖరరావు మన గురించి మాట్లాడినంత గొప్పగా అంతకుముందు ఏ ముఖ్యమంత్రీ మాట్లాడలేదు. దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్నడు. దళిత కుటుంబానికి మూడెకరాల భూమి అన్నడు. ఇంటికి పది లక్షలన్నడు. చివరికి ఆకాశమంత అంబేద్కర్‌ను నిలబెట్టిండు.

అన్నలారా, అక్కలారా! ఉపన్యాసాలు చాలా విన్నం. ఇప్పుడు లెక్క చూద్దాం. జీతగాని లెక్క దొర చేతిలో ఉన్నన్నాళ్లు మన తాతల అప్పు తీరలేదు. కాబట్టి ఈ లెక్క వాళ్లను వెయ్యమనొద్దు. మనమే వేసుకోవాలి.

కుర్చీ సంగతి

తెలంగాణ వస్తే దళితున్ని ముఖ్యమంత్రి చేస్తనని, తాను కాపలా కుక్కలా ఉంటనని ఉద్యమ కాలంలో ఊరూరా చెప్పిండు. తల తెగినా మాట తప్పనన్నడు. మన పిల్లలు నమ్మిండ్రు. డప్పు కొట్టింది వాళ్లు, ధూంధాంలో ఆడింది వాళ్లు, లాఠీలు తిన్నది వాళ్లు, కేసులు మోసింది వాళ్లు. 2014 జూన్ 2న ప్రమాణం చేసింది మాత్రం ఆయనే. దళితునికి ఉప ముఖ్యమంత్రి పదవి ఇచ్చినం కదా అన్నరు. ఆ రాజయ్యను ఎనిమిది నెలలు నిండకముందే, 2015 జనవరిలో బర్తరఫ్ చేసిండ్రు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య!

మనలోనే కొందరు అంటరు – ఒక్కడు కుర్చీ ఎక్కితే వాడ మొత్తానికి కడుపు నిండుతదా అని. సరే, కుర్చీ పక్కన పెడదాం. కడుపు నింపే దాని గురించే అడుగుదాం. భూమి గురించి అడుగుదాం.

మూడెకరాల ముచ్చట

2014 ఆగస్టు 15న గోల్కొండ కోట మీద జెండా ఎగరేసి మూడెకరాల పథకం మొదలుపెట్టిండు. సర్కారే భూమి కొని ఇస్తది. ఇంటి ఆడామె పేరు మీద పట్టా చేస్తది. బోరు, మోటరు పెట్టిస్తది. మొదటి పంటకు పెట్టుబడి కూడా ఇస్తది. కాగితం మీద చూస్తే మంచి పథకం. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఆ కాగితం అమలైతే ఊరు మారేది.

ఎందుకంటే ఊళ్లో భూమి అంటే వడ్లు, పత్తి మాత్రమే కాదు. భూమి లేనోడు కూలి రేటు పెంచమంటే రేపటి నుంచి పనికి రావద్దంటరు. హోటల్లో రెండు గ్లాసులేందని అడిగితే ఊరంతా కలిసి వాడను వెలివేస్తది. పొలం గట్టు మీద నడవనియ్యరు, బర్రెకు గడ్డి కోసుకోనియ్యరు. వెలి అనే ఆయుధానికి పదును పెట్టేది మన భూమిలేనితనమే. తన చెల్కలో తాను దున్నుకునేటోన్ని పస్తు పెట్టి లొంగదీసుకోవడం కష్టం. కులం బలం ఎక్కడ పాతుకుందో తెలిసినోడు గనకే బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు' పత్రంలో వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలన్నడు. కులమతాలు చూడకుండా దాన్ని సాగుకు ఇవ్వాలని, భూస్వామి అనేటోడు, భూమిలేని కూలి అనేటోడు ఇద్దరూ ఉండకూడదని కోరిండు.

మన నేల మీద కూడా ఈ కోరిక కొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చిన వినోబా భావేను మన దళిత కుటుంబాలే 80 ఎకరాలు అడిగినయి. దేశమంతా చెప్పుకునే భూదానం పుట్టింది మనోళ్లు అడిగిన అడుగు నుంచే. దానం చేసినోని పేరు పుస్తకాలకెక్కింది. అడిగినోళ్లు ఎవరో పిల్లలకు చెప్పేటోడు లేడు.

ఇక లెక్కకు వద్దాం. పథకం నడిచిన ఇన్నేండ్లలో భూమి అందింది సుమారు 7 వేల కుటుంబాలకు. పంచిన భూమి సుమారు 17 వేల ఎకరాలు. రాష్ట్రంలో దళిత కుటుంబాలు 17 లక్షలని చెప్పింది స్వయంగా ఆ ముఖ్యమంత్రే. అంటే వెయ్యి ఇండ్లకు నాలుగిండ్లు. 17 లక్షల్లో అందరూ భూమిలేనోళ్లు కాకపోవచ్చు. సగం తీసెయ్యండి. అప్పుడు కూడా వెయ్యికి ఎనిమిది! ఇదేందని అడిగితే 2021 అక్టోబరులో నిండు శాసనసభలో, దళితులందరికీ మూడెకరాలిస్తమని మేం చెప్పలేదన్నడు. గోల్కొండ కోటకు నోరు లేదు గనుక బతికిపోయిండు.

భూమి ఎక్కడుంది, ఎకరం రేటు పెరిగిపోయింది, అమ్మేటోడు లేడు అన్నరు అధికారులు. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో ఫార్మాసిటీ కోసం 19 వేల ఎకరాల పైచిలుకు గీత గీసినప్పుడు భూమి ఎక్కడిది? ఆ గీత లోపల మనకు ఎప్పుడో ఇచ్చిన లావుణి పట్టాల భూములు కూడా ఉన్నయి కదా! రాష్ట్రంలో దళితులందరికీ కలిపి పంచిన దానికంటే ఎక్కువ భూమి ఒక్క ఫార్మాసిటీకి లెక్కగట్టిండ్రు. కంపెనీకి దొరికే భూమి కూలికి దొరకదు. కావాల్సింది ఏలేటోని మనసు.

ఇయ్యకపోవుడు ఒక ఎత్తు. ఉన్నది గుంజుకునుడు ఇంకో ఎత్తు. 2020 జులైలో సిద్దిపేట జిల్లా వేలూరులో ఒక దళిత రైతు ప్రాణం తీసుకున్నడు. తన 13 గుంటల భూమిని రైతు వేదిక కట్టడానికి తీసుకుంటున్నరన్న బాధతో. 13 గుంటలంటే ఎకరంలో మూడో వంతు కూడా కాదు. ఆ ఊరు ఎక్కడో మారుమూల లేదు. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం గజ్వేల్‌లో ఉన్నది. మూడెకరాలు ఇస్తనన్నోని ఇలాకాలో మూడో వంతు ఎకరం నిలవలేదు. అంతకు మూడేండ్ల ముందు, 2017 సెప్టెంబరులో, బెజ్జంకి మండలం గూడెం యువకులు ఇద్దరు మూడెకరాల పథకంలో తమకు అన్యాయం జరిగిందని మానకొండూరు ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు ఆత్మాహుతికి పాల్పడిండ్రు. అది మనకు రిజర్వు చేసిన సీటు. మన ఓట్లతో, మన కులం పేరుతో గెలిచిన గడప ముందే మన పిల్లలు కాలిపోయిండ్రు.

ఎకరానికి పైసలు – ఎకరం లేనోనికి సున్నా

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో రైతుబంధు మొదలైంది. ముందు ఎకరానికి ఏడాదికి 8 వేలు, 2019 నుంచి 10 వేలు. ఎన్ని ఎకరాలకైనా ఇచ్చిండ్రు, పరిమితి పెట్టలేదు. 50 ఎకరాల ఆసామికి ఏటా 5 లక్షలు ఇంటికొచ్చినయి. ఆయన భూమి కౌలుకు చేసి చెమటోడ్చినోనికి సున్నా. ఆ పొలంలో కలుపు తీసిన మన అక్కకు సున్నా. ఏటా బడ్జెట్‌లో దీనికి 12 వేల కోట్లు, ఆ పైన పెట్టిండ్రు. మూడెకరాల పథకానికి అన్నేండ్లూ కలిపి పెట్టింది 800 కోట్లు దాటలేదు. ఇంక సిద్ధాంతాలు చదవాల్సిన పని లేదు. ఎవని రాజ్యమో ఈ రెండు అంకెలే చెప్తయి.

ఉప ఎన్నికొచ్చింది – పది లక్షలొచ్చినయి

2021 మేలో ఈటల రాజేందర్‌ను మంత్రివర్గం నుంచి తీసేసిండ్రు. పేదల అసైన్డ్ భూములు ఆక్రమించుకున్నడని ఆరోపణ. ఆయన కాదన్నడు. మన అసైన్డ్ భూములు ఏడేండ్ల తర్వాత సర్కారుకు యాదికొచ్చినయి, అదీ గిట్టని మంత్రిని పంపడానికి. ఆయన రాజీనామాతో హుజూరాబాద్‌కు ఉప ఎన్నిక వచ్చింది. ఆగస్టు 16న మళ్లీ అదే శాలపల్లిలో దళితబంధు మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టే పని లేదు. అక్టోబరు 30న పోలింగ్. ఫలితం వచ్చేసరికి ఈటల గెలిచిండు.

తర్వాత 2022-23 బడ్జెట్‌లో దళితబంధుకు 17,700 కోట్లు చూపించిండ్రు. 2023-24లో మళ్లీ 17,700 కోట్లు. రెండేండ్ల అంకెలు నిజమైతే 3 లక్షల 54 వేల కుటుంబాలకు అందాలి. మొదటి నుంచి చివరిదాకా అందింది సుమారు 38 వేల కుటుంబాలకు. అందులో దాదాపు సగం ఒక్క హుజూరాబాద్‌లోనే. ఉప ఎన్నిక రాని ఊళ్లో పుట్టడం మన తప్పా?

ఆ డబ్బుతో ట్రాక్టరో, కారో, డెయిరీయో పెట్టుకుని నిలదొక్కుకున్న కుటుంబాలను చూసి సంతోషిద్దాం. వాళ్ల మీద కుళ్లుకోవద్దు. మన కొట్లాట వాళ్లతో కాదు. అడగాల్సింది ఇది – పేరు రాసింది ఎవరు? గ్రామసభ రాయలేదు, ఎమ్మెల్యే రాసిండు. అందుకే వాడ వాడంతా ఎమ్మెల్యే గేటు ముందు నిలబడ్డది. కొందరు ఎమ్మెల్యేలు మూడేసి లక్షలు వసూలు చేసిండ్రని, ఆ చిట్టా తన దగ్గర ఉన్నదని 2023 ఏప్రిల్‌లో పార్టీ సమావేశంలో చెప్పింది ఎవరో కాదు, ముఖ్యమంత్రే. చిట్టా ఉన్నోడు పోలీసులకు ఇయ్యాలి కదా! మన పేరు మీద వచ్చిన సొమ్ములో మామూలు తిన్నోళ్ల పేర్లు ఆయన జేబులోనే ఎందుకున్నయి?

ఇంకోటి. దళితుల వాటా నిధులు దళితులకే ఖర్చు పెట్టాలని ఎన్నో ఏండ్లు కొట్లాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో దాన్ని మార్చి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చిండ్రు. ఖర్చుకాని సొమ్ము మరుసటి ఏటికి కలుపుతమని అందులోనే రాసిండ్రు. రాసిన చెయ్యి వాళ్లదే, రాసింది మరిచిన చెయ్యీ వాళ్లదే.

రాజ్యాంగం వద్దు, రాసినోని బొమ్మ ముద్దు

2022 ఫిబ్రవరి 1న విలేకరుల ముందు కూర్చుని ఈ దేశానికి కొత్త రాజ్యాంగం రాసుకోవాలన్నడు. మరుసటి ఏడాది 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించిండు. సుమారు 146 కోట్లు ఖర్చయిందన్నరు. అదే నెలలో బాబాసాహెబ్ పేరు పెట్టిన కొత్త సచివాలయాన్ని ప్రారంభించిండు. అప్పటికి ఎన్నికలు ఎనిమిది నెలల లోపు దూరంలోనే ఉన్నయి.

విగ్రహం వద్దని మనం అనం. వాడలో మూడడుగుల విగ్రహం పెట్టుకోవడానికే మనోళ్లు తలలు పగలగొట్టించుకున్నరు. విగ్రహం విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ బాబాసాహెబ్ చెయ్యి చాపి చూపించేది సచివాలయంలోని కుర్చీని కాదు, ఊరవతల మన వాడకు రావాల్సిన భూమిని. ఆ వేలు ఎటు చూపుతున్నదో చూడకుండా ఆ వేలికే దండ వేసిండ్రు.

గద్దె దిగినోని మీద ఇప్పుడెందుకు?

2023 డిసెంబరులో జనం ఆయన్ను దింపిండ్రు కదా, పడ్డోని మీద రాయెందుకని అడగొచ్చు. మనిషి దిగిండు, పద్ధతి దిగలేదు. ఇప్పుడు గద్దె మీదున్న కాంగ్రెస్ 2023 ఆగస్టు 26న చేవెళ్ల సభలో 10 లక్షలకు బదులు 12 లక్షలని డిక్లరేషన్ చదివింది. దానికీ అంబేద్కర్ పేరే పెట్టింది. గుంజుకున్న అసైన్డ్ భూములు తిరిగిస్తమన్నది. వేలంపాటలో రేటు పెరిగినట్టు మన రేటు పెరుగుతున్నది. ఒకడు పదంటడు, ఒకడు పన్నెండంటడు, రేపొకడు పదిహేనంటడు. భూమి మాట మాత్రం పాటలోంచి మెల్లగా తప్పిపోతున్నది. ఎందుకు తప్పిస్తున్నరు? పది లక్షల జాబితాలో పేరు ఎక్కించేటోడు రేపు కొట్టెయ్యగలడు. అందుకే జాబితా ఎప్పుడూ వాళ్లకు ఇష్టం. పట్టా ఇచ్చి, మోక చూపించి, నీళ్లు పారించినంక మనిషి మళ్లీ గేటు ముందుకు రాడు. అదే వాళ్ల భయం.

అందుకని సంఘం కార్యకర్తలు ప్రతి ఊళ్లో ఈ పని పట్టాలె. మన ఊళ్లో సీలింగు భూమి ఎంత, భూదాన భూమి ఎంత, లావుణి పట్టాలు ఎవరి పేరున ఎన్ని, ఇవ్వాళ మోక మీద ఎవరున్నరు – సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా తీసుకోవాలె. 2020లో ధరణి వచ్చినప్పుడు రికార్డులోంచి అనుభవదారు కాలం ఎత్తేసిండ్రు. కాబట్టి పాత పహాణీ నకళ్లు ఎవరింట్లో ఏ పెట్టెలో ఉన్నా తీసి జాగ్రత్త చెయ్యాలె. ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చింది. పేరు మారితే చాలదు, మన పేర్లు ఎక్కాలె. ఏ పథకమైనా లబ్ధిదారుల పేర్లు గ్రామసభలో చదివి ఖరారు చెయ్యాలని తీర్మానం పెట్టాలె. మండలానికి ఎన్ని నిధులొచ్చినయి, ఎన్ని మురిగినయి అని ప్రతి మార్చి నెలలో అడగాలె.

ఇకనుంచి ఏ పార్టీవోడు వాడకొచ్చి దండ వేసినా, దండం పెట్టినా, మన పిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగినా మనం అడిగేది ఒక్కటే – మా ఊళ్లో ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఎవరి పేరు మీద, ఎప్పటిలోగా? ఈ నాలుగింటికి కాగితం మీద సంతకం పెట్టి జవాబు చెప్పినోనితోనే మిగతా మాట.

జై భీమ్!