తెగిన చదువును ఎక్కడ అందుకోవాలి?

తునికాకు కట్టకు యాభై ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. చర్ల, దుమ్ముగూడెం, కరకగూడెం, గుండాల మండలాల్లో ఎండాకాలం ఆకు కోతకు వెళ్లే ఇళ్లలో ఎనిమిదేళ్ల పిల్లకూ ఈ లెక్క తెలుసు. పొద్దున్నే కోసుకొచ్చిన ఆకును ఇంటి నీడన కుప్ప పోస్తారు. చిరిగినవీ పురుగు తిన్నవీ పక్కన పడేసి, మంచి ఆకును దొంతులు పెట్టి, నారతో బిగించి కడతారు. సాయంత్రం కల్లంలో కట్టలు వరుసలుగా పేరుస్తారు. ఆకు తక్కువైన కట్టను కల్లం దాకా పోనివ్వరు, ఇంట్లోనే విప్పించి మళ్లీ కట్టిస్తారు. ఆ పిల్లే జూన్‌లో బడి తెరిచాక నల్లబల్ల మీద 50×4 చూసి బిక్కమొహం వేస్తుంది. సెలవుల్లో అంతా మరిచిపోయి వచ్చిందని వెంటనే ఓ ముద్ర పడుతుంది.

ఆ ముద్ర తప్పు. ఆమె చేతికి వచ్చిన లెక్కకూ పుస్తకంలోని గుర్తులకూ మధ్య ఎవరూ దారి వేయలేదు, అంతే.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున చదువు తెగడం ఏడాదికి ఒక్కసారితో పోయేది కాదు. మిర్చి కోతలకు ఏజెన్సీ నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ కూలీ కుటుంబాలు మైదానానికి దిగుతాయి, చిన్నపిల్లలూ వెంటే. ఆ తర్వాత ఇప్పపువ్వు, దాని వెనకే తునికాకు. బడి తెరిచి నెల తిరిగేసరికి గోదావరి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. ముంపు ఊళ్ల జనానికి తలదాచుకునే చోటు తరచూ బడి గదులే కాబట్టి నీళ్లు రాని ఊళ్లో కూడా పాఠం ఆగిపోతుంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీల పిల్లలకైతే చాలాచోట్ల బడి దూరమే మొదటి అడ్డంకి.

కరోనా కాలం ఈ అంతరాయాలన్నిటికీ పరాకాష్ఠ. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేలకు అవి ఏపాటి చేరి ఉంటాయో ఊహించవచ్చు. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 18.1 శాతం ఉంటే, 2022లో 5.2 శాతానికి పడిపోయారు. బడి లేనప్పుడు మిగిలేది ఇంటి చదువే. హైదరాబాద్‌లో కొందరు తల్లిదండ్రులు కోరి దాన్ని ఎంచుకుంటున్నారు. వారికి పుస్తకాలున్నాయి, తీరిక ఉంది. అడవి అంచు కుటుంబాల మీద ఇంటి చదువు వచ్చి పడింది, ఏడాదిలో కొన్ని నెలలపాటు, ఎవరి సాయమూ లేకుండా. దాన్ని చదువుగా ఎవరూ లెక్కించలేదు కూడా.

తెగినచోట మళ్లీ అందుకోవడం ఎలాగో తెలుగు నేల మీదే ఒకచోట చేసి చూపించారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల ఊళ్లలో నడిపిన చిన్న బడుల్లో పాఠ్యాంశాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి ఒక నిచ్చెనలా అమర్చారు. పిల్ల తనంతట తాను కార్డు తీసుకుంటుంది, పని చేస్తుంది, పై మెట్టెక్కుతుంది. పది రోజులు వేరుశనగ కోతకు పోయి వచ్చినా ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. తరగతి తనను దాటి వెళ్లిపోయిందన్న బెంగ ఉండదు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని అందుకున్నాయి, ఆపైన తమిళనాడు అంతటికీ పాకింది. రాకపోకలు తప్పని పిల్లల కోసమే పుట్టిందా అన్నట్టుండే ఈ ఏర్పాటు గోదావరి ఒడ్డున ఊరూరా ఎందుకు లేదన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

బడి లేని నెలల్లో ఇంట్లో రోజుకు ఒక గంట చాలు. అమ్మానాన్నలకు అక్షరం రాకపోవచ్చు, పని వచ్చు. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చిన అక్కకు అక్షరం వచ్చు. ఇద్దరినీ కలిపితే పాఠం తయారవుతుంది. నాలుగు కట్టలు విప్పి పరిస్తే 50×4 కళ్లముందుంటుంది. ఇప్పపువ్వు కొలిచేటప్పుడు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని చెబుతూ పోస్తే అరా పావూ చేతికందుతాయి. అమ్మ కోయ భాషలో చెప్పిన పొడుపుకథను అక్క తెలుగు లిపిలో రాస్తే, చెల్లి తనకు ముందే తెలిసిన మాటను చదువుతుంది. చదవడం అప్పుడు గుడ్డి బట్టీ కాదు.

వరద పాఠం ఇంకా గొప్పది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ ఇక్కడి పిల్లలకు పేర్లంత పరిచయం. పొద్దున ఆరుకు ఎంత, మధ్యాహ్నానికి ఎంత, గంటకు ఎంత చొప్పున పెరుగుతోంది అని గోడ మీద బొగ్గుతో గుర్తులు పెట్టి గీత కలిపితే గ్రాఫు వస్తుంది. పైన పేరూరు దగ్గర పెరిగిన నీరు కిందికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది, దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి పొంగితే ఇక్కడ గోదావరి ఎందుకు తగ్గనంటుంది అన్నవి భూగోళ శాస్త్రం. పునరావాస కేంద్రంలో ఈ పాఠం చెప్పడానికి కావలసింది ఒక్క సుద్దముక్క.

దీనికో అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. చేతిపని పేరుతో ఆదివాసీ పిల్లను అడవికే కట్టిపడేస్తారా, కూలికి పంపి దాన్నే చదువంటారా అని అడుగుతారు. గాంధీ 1937లో వార్ధాలో చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీమ్‌ను ప్రతిపాదించినప్పుడూ ఇలాంటి అనుమానమే వచ్చింది. దీన్ని తేల్చడానికి ఒక కొలమానం ఉంది. ఆ గంట చివర పిల్ల నిన్న చదవలేని వాక్యాన్ని చదివిందా, నిన్న వేయలేని లెక్కను రాసి చూపిందా? లేదంటే అది ఉత్త పనే, ఆపేయాలి. రోజంతా ఆకు కోయించడం ఏ లెక్కన చూసినా చదువు కాదు.

పని నుంచి పాఠం తీసే ఈ పద్ధతికి చట్టంలో చోటుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాల ద్వారా, పిల్లలు తామే కనుక్కునే తీరులో బోధన సాగాలంటుంది. వీలైనంత వరకు మాతృభాషలో సాగాలనీ అంటుంది. చరిత్రలోనూ దాఖలా ఉంది. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే కేంద్రం నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య కింద కోయతో సహా ఎనిమిది భాషల్లో వాచకాలూ వచ్చాయి. వాటిని పిల్లల భాషలో చెప్పే పంతులు మాత్రం అన్ని బడుల్లో లేరు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేశాక ఆ కొరత గురించిన ఆందోళన ఇంకా పెరిగింది.

2022 ఆగస్టు 15న రాష్ట్రం ప్రాథమిక తరగతుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. తరగతిని బట్టి కాక పిల్ల ఉన్న మెట్టును బట్టి చెప్పడం దాని ఉద్దేశం. ఇక్కడ దానికి చేర్చాల్సింది ఒకటుంది. బడి తెరిచిన మొదటి రెండు వారాలు పరీక్ష పెట్టకుండా, వేసవిలో ఏం కోశారు, ఎంత కొలిచారు, ఎవరికి అమ్మారు అని పిల్లల చేతే కోయలోనో తెలుగులోనో చెప్పించి రాయించాలి. ఏప్రిల్‌లో పంపేటప్పుడే ప్రతి పిల్ల చేతికి ఒక నోటుబుక్కు, ఇంట్లో చేయాల్సిన పనుల కార్డులు ఇవ్వాలి. మిర్చి కోతలకు పోయే పిల్లలకైతే ఇంకా ముందే. కార్డుల్ని కోయలో తయారుచేయగల యువతీ యువకులు ఊళ్లలో ఉన్నారు. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వారిని వేసవి రెండు నెలలకు గౌరవ వేతనంతో నియమిస్తే, వచ్చే జూన్‌లో పంతులు ఖాళీ పలకతో కాక ఆ నోటుబుక్కు మొదటి పేజీతో పాఠం మొదలుపెట్టగలరు.