నాయకుడు లేనినాడు

ఫ్రెంచి విప్లవ నాయకుడగు రోబెస్పియరు చరిత్రము చదివినవారికి నొక ప్రశ్న తోచకమానదు. బీదల పక్షమున వాదించిన న్యాయవాదిగ పేరొంది, 1789లో ప్రజాప్రతినిధిగ నెన్నికైన యాతడు, 1793లో నధికారము చేజిక్కిన పిమ్మట శిరశ్ఛేద యంత్రమును నమ్ముకొనెను. 1794 జులై 28వ తేదీన తానే దాని కాహుతి యయ్యెను. ప్రజాబలమునకు భయము తప్ప వేరు ఆధారము లేదా?

కలదని చూపినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొందియు, ఉద్యోగమును వీడి దేశసేవకు దిగెను. ఆ కాలమున మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాలలను ప్రజల యిష్టమునకు విరుద్ధముగ పురపాలక సంఘముగ మార్చెను. నేతపనివారును, బీదసాదలును నిండిన యా యూళ్లపై పన్నుల భారము పలురెట్లు పెరిగెను. 1921 ఏప్రిలులో చీరాలకు వచ్చిన గాంధీజీ పన్ను నిరాకరించుటయో, ఊరు విడుచుటయో యని రెండు మార్గములు చూపెను. గోపాలకృష్ణయ్య రెండవదానినే యెన్నుకొనెను. 15,000 జనములో రమారమి 13,000 మంది యిల్లువాకిళ్లు విడిచి, పొలిమేర వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, సుమారు 11 నెలలు ఎండవానల కోర్చిరి. వారికి రామదండు సేవకులు తోడైరి. ఒక్క రాయి విసరబడలేదు. ఒక్క తల తెగలేదు.

అయినను సత్యము దాచరాదు. నిషేధాజ్ఞను ధిక్కరించి బరంపురమున ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడెను. ఆయన తిరుచిరాపల్లి చెరసాలలో నుండగా ధనము తరిగెను, ధైర్యము సడలెను; జనులు మరల నిండ్లకు చేరిరి. పురపాలక సంఘము నిలిచెను. 1928లో, నలుబదేండ్లైన నిండకుండ, ఆయన కన్నుమూసెను. మార్గములు వేరైనను, పారిసునందును చీరాలయందును లోపమొక్కటే: ఒక్కని మెడపై నందరి భారము మోపుట.

నేడు ఆ నిర్బంధము లేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణమును, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును గ్రామసభకు స్థానము కల్పించినవి. క్రొత్త పన్నుల ప్రతిపాదనలును, సాలుసరి లెక్కలును సభ ముందుకు రావలెను. గుంటూరు చెంతనున్న పెదకాకాని మొదలు మారుమూల పల్లె వరకు నీ హక్కు సమానమే. కాని సభకు పోవువారెందరు? లెక్క లడుగువారెందరు? మిరపకాయల ధర తెలిసికొన గుంటూరు యార్డునకు పరుగిడు మనకు, మన పన్ను ఏ కాలువకు పోయెనో తెలిసికొన తీరిక లేదా?

తమ నడుగకుండ పన్ను వేసినందుకు మన తాతలు ఇండ్లు విడిచిరి. అడుగుటకు పిలిచినను మనము గడప దాటకున్నాము. ఆంధ్రరత్నకు విగ్రహములు చాలును. వచ్చు గ్రామసభలో నిండిన చాపలే ఆయనకు తగిన స్మారకము.